వాట్లు సరే, పొడుగెంత?

చచ్చిన హీటర్ ఎలిమెంటును పారేయకుండా ఒకసారి అడ్డంగా కోసి చూడాలి. వేటపాలెంలో మా బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని, హాక్సా బ్లేడుతో నేను చేసింది అదే. పైన బియ్యపు గింజ మందాన సున్నపు పెచ్చు. దాన్ని గీకితే స్టీలు గొట్టం. గొట్టం తెగగానే లోపలి నుంచి తెల్లటి పొడి ముగ్గుపిండిలా రాలింది. పొడి మధ్యలో సన్నటి స్ప్రింగు. ఆ స్ప్రింగు ఒకచోట తెగిపోయి, తెగిన కొసన ఆవగింజంత లోహపు బొట్టు కట్టి ఉంది.

"మూడు వేల వాట్లన్నావు గదరా అబ్బాయ్, మూడు నెలలన్నా కాయలేదే!" అన్నాడు బాబాయి.

ఆయన దెప్పడంలో న్యాయం ఉంది. ఆ ఎలిమెంటు ఎంచి తెచ్చింది నేనే. కొట్లో "ఎన్ని వాట్లది కావాలి?" అని అడిగారు, "మూడు వేలు" అన్నాను, గీజర్లలో వేసే పొట్టి ఎలిమెంటు ఒకటి చేతిలో పెట్టారు. కొట్టువాళ్ల తప్పు లేదు. అడిగిందే ఇచ్చారు. అసలు అడగాల్సింది ఇంకొకటుందని నాకే తెలియలేదు. అదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

తొట్టికి ఎంత వేడి కావాలి?

వేటపాలెం, చీరాల చుట్టుపక్కల మగ్గం ఉన్న ఊళ్లలో మగ్గంతో పాటు రంగు తొట్టి కూడా ఉంటుంది. బాబాయిది అద్దకం పని. నూలు చిలపలు, కుప్పడం చీరలకు వాడే పట్టు చిలపలు ఆయన దగ్గరికి తెల్లగా వచ్చి రంగుతో వెళతాయి. ఇన్నాళ్లూ సరివి కట్టెల పొయ్యి మీదే తొట్టి కాగేది. పొగకి కళ్లు మండుతున్నాయని, డాక్టరు కూడా పొయ్యి దగ్గర కూర్చోవద్దన్నాడని కరెంటుకి మారదామనుకున్నాడు. 65 లీటర్లు పట్టే స్టీలు డ్రమ్ము తెచ్చాం. అందులో 50 లీటర్ల రంగు నీళ్లు, రెండున్నర కిలోల నూలు. అద్దకంలో సాధారణంగా పాటించే, కిలో నూలుకి 20 లీటర్ల లెక్క.

అన్ని రంగులకూ ఒకే వేడి పనికిరాదు. నూలుకి వేసే రియాక్టివ్ రంగుల్లో కోల్డ్ బ్రాండ్ అంటారే, వాటికి పొయ్యితో పనే లేదు. మామూలు నీళ్లలోనే పడతాయి. హాట్ బ్రాండుకి 80 డిగ్రీలు కావాలి. వ్యాట్ రంగులు 50, 60 డిగ్రీల మధ్య పట్టుకుంటాయి. పట్టుకి వేసే యాసిడ్ రంగులకు 85, 90 దాకా వెళ్లాలి. అంతకంటే ముందు పట్టు జిగురు వదలగొట్టడానికి, సబ్బు నీళ్లలో మరుగుకి కొంచెం తక్కువలో ఉడకేయాలి. పచ్చి పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు ఆ జిగురే.

ఇప్పుడు లెక్క. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజూళ్లు కావాలి. 50 లీటర్లకైతే 210. ఉదయం 28 డిగ్రీలున్న బోరు నీటిని 90కి తీసుకెళ్లాలంటే 62 డిగ్రీలు. అంటే 13,020 కిలోజూళ్లు. కరెంటు బిల్లు భాషలో 3.6 యూనిట్లు. మీటరు తిరిగే ఒక యూనిట్ అంటే 3,600 కిలోజూళ్లు, అంతే.

అదే పని కట్టెలతో చేస్తే? బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 15,000 కిలోజూళ్లు ఇస్తుంది. తొట్టికి కావాల్సింది దానికంటే తక్కువే. కిలో కట్టెతో తొట్టి కాగిపోవాలి మరి! బాబాయి మాత్రం మోపులో సగం తగలేసేవాడు. మూడు రాళ్ల పొయ్యిలో వేడి ఎక్కువ భాగం గిన్నె పక్కనుంచి, పొగతో పాటు గాలిలోకి పోతుంది. వందలో పన్నెండు వంతులే నీళ్లకు చేరాయనుకుంటే ఏడు కిలోల కట్టె కావాలి. నీళ్లలో మునిగిన ఎలిమెంటుకి ఆ బాధ లేదు. దానిలో పుట్టిన వేడికి నీళ్లలోకి తప్ప పోవడానికి ఇంకో దారి లేదు.

అయితే నీళ్లలోకి వెళ్లిన వేడి నీళ్లలోనే ఉండాలి కదా. మూత తీసిన తొట్టిలోంచి లీటరు నీరు ఆవిరైపోతే దానితో పాటు 2,257 కిలోజూళ్లు, అంటే 0.63 యూనిట్ పోయినట్టే. ఆ లీటరును 28 నుంచి 90 డిగ్రీలకు కాచడానికి పట్టిన వేడికి ఇది ఎనిమిది రెట్లకు పైనే. పెద్ద ఎలిమెంటు కొనే ముందు మూత వేయాలి, డ్రమ్ముకి చుట్టూ గోనెపట్టా కప్పాలి. ఖర్చు లేని వాట్లు అవి.

స్ప్రింగూ, ముగ్గుపిండీ

కోసిన ఎలిమెంటు దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ స్ప్రింగు నిక్రోమ్ తీగ. నికెలు 80 పాళ్లు, క్రోమియం 20 పాళ్లు కలిపిన లోహం. 1906లో ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజు మన ఇస్త్రీపెట్టె, గీజరు, రొట్టెల టోస్టరు, అన్నిటి కడుపులోనూ ఉన్నది ఆ మిశ్రమమో దాని చుట్టమో. రాగి తీగతో పోలిస్తే కరెంటును 60 రెట్లకు పైగా అడ్డుకుంటుంది. ఎర్రగా కాలినా దాని మీద క్రోమియం ఆక్సైడు పొర ఒకటి కట్టుకుని గాలి తగలనివ్వదు, కాబట్టి మామూలు ఇనుప తీగలా తుప్పు రేకులై రాలిపోదు.

తీగలో పుట్టే వేడి దానిలో పారే కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుందని 1841లో చూపించినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జూల్. మనం పైన లెక్కల్లో వాడిన జూల్ ఆయన పేరే. ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కన సాల్‌ఫర్డులో ఆయన కుటుంబానికి బీరు కాచే కార్ఖానా ఉండేది. పెద్ద పెద్ద పీపాల్లో ద్రవాన్ని ఇంత డిగ్రీకి తెచ్చి నిలపడం ఆ ఇంట్లో రోజువారీ వ్యవహారం. డిగ్రీలో చిన్న భాగాల తేడాను కూడా వదలకుండా కొలిచే ఓపిక ఆయనకు అలాంటి ఇంట్లో పెరగడం వల్ల వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఇప్పుడు అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునే సరదా ఉన్నవాళ్లు ఖాళీ స్టీలు పీపాలకు కరెంటు ఎలిమెంట్లు బిగించుకుంటారు. బాబాయి రంగు డ్రమ్ముకీ ఆ పీపాకీ ఇంజనీరింగులో పెద్ద తేడా లేదు.

తెల్ల పొడి మెగ్నీషియం ఆక్సైడు. దాని గుణం విచిత్రమైనది. కరెంటును దాటనివ్వదు, వేడిని మాత్రం ధారాళంగా దాటనిస్తుంది. అలాంటి పదార్థాలు అరుదు. అందుకే లోపల 230 వోల్టుల తీగ ఉన్నా పై గొట్టం మీదికి కరెంటు రాదు, వేడి వస్తుంది. ఈ పొడికి ఒక బలహీనత ఉంది: తేమను పీలుస్తుంది. వానాకాలమంతా మూల పడేసిన ఎలిమెంటును ఒక్కసారి పెట్టగానే, కరెంటు లీకైతే లైను తెంచే ఆర్‌సీసీబీ పడిపోతుందంటే కారణం చాలాసార్లు అదే. కొసల దగ్గర సీలు సరిగా ఉన్నదే కొనాలి. పాతదాన్ని మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరుతో, పరీక్షించకుండా వాడకూడదు.

చదరపు సెంటీమీటరు ప్రశ్న

ఇక అసలు సంగతి. 3,000 వాట్లు అనేది ఎలిమెంటు ఎంత వేడి పుట్టిస్తుందో చెబుతుంది. ఆ వేడి ఎంత చోటులోంచి బయటికి వెళ్లాలో చెప్పదు. రెండోది తెలియాలంటే వాట్లను గొట్టం పై వైశాల్యంతో భాగించాలి. ఆ సంఖ్యను వాట్ డెన్సిటీ అంటారు. తెలుగులో వాట్ల ఒత్తు అనుకుందాం.

నేను తెచ్చిన గొట్టం మందం 8 మిల్లీమీటర్లు. అంటే చుట్టుకొలత సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వేడెక్కే పొడవు 60 సెంటీమీటర్లు. వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు. 3,000ను 150తో భాగిస్తే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద 20 వాట్లు. అదే 3,000 వాట్లను రెండు మీటర్ల గొట్టంలో పరిస్తే 500 చదరపు సెంటీమీటర్లు. ఒత్తు 6 వాట్లకు దిగుతుంది. మీటరు రెండిటికీ ఒకేలా తిరుగుతుంది, నీళ్లకు చేరే వేడీ ఒకటే. అయినా రెండూ ఒకటి కావు.

నీళ్లు స్వచ్ఛంగా ఉంటే 20 వాట్లు పెద్ద సమస్యేమీ కాదు. 1934లో జపాన్‌లో షిరో నుకియామా అనే ఇంజనీరు నీళ్లలో ముంచిన సన్నటి తీగల్లోకి కరెంటు పెంచుకుంటూ పోయి, నీరు వేడిని ఎంతవరకు తీసుకోగలదో చూశాడు. ఒక హద్దు దాకా బుడగలు వేడిని చకచకా మోసుకుపోతాయి. హద్దు దాటగానే బుడగలు కలిసిపోయి తీగ చుట్టూ ఆవిరి చొక్కాలా కప్పేస్తాయి. నీరు తగలదు, తీగ ఒక్కసారిగా కాలిపోతుంది. మామూలు గాలి పీడనంలో మరిగే నీటికి ఆ హద్దు చదరపు సెంటీమీటరుకు సుమారు 100 వాట్లు. మన 20 దానికి చాలా దూరంలో ఉంది. మరి బాబాయి ఎలిమెంటు ఎందుకు పోయింది?

సున్నం వల్ల. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటిలో కరిగిన కాల్షియం బైకార్బనేటు వేడి తగలగానే విరిగి, సున్నపురాయిగా మారి ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడే అంటుకుంటుంది. ఎలిమెంటు మీద కాక ఇంకెక్కడుంటుంది ఎక్కువ వేడి? ఆ పెచ్చు వేడిని సరిగ్గా దాటనివ్వదు. దాని ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి ఒక వాటు అనుకుని లెక్క వేయండి. ఒక్క మిల్లీమీటరు పెచ్చు గుండా 20 వాట్ల ఒత్తు దాటాలంటే, లోపలి వైపు బయటికంటే 200 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. 6 వాట్ల ఒత్తయితే 60 డిగ్రీలు చాలు. 20 వాట్ల ఒత్తుకే పెచ్చు రెండు మిల్లీమీటర్లయితే ఆ తేడా 400 డిగ్రీలు. గొట్టమే అంత వేడెక్కితే దాని లోపలి స్ప్రింగు ఇంకెంత కాగాలి! వేడి ఎక్కువైన కొద్దీ పెచ్చు ఇంకా త్వరగా కడుతుంది, పెచ్చు కట్టిన కొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. మూడు నెలల్లో నా పొట్టి ఎలిమెంటు ఆ గుండంలో పడి పోయింది. కొసన కట్టిన ఆవగింజ బొట్టు దాని ఆఖరి క్షణం.

పాలు కాచేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. పల్చటి గిన్నెలో పెద్ద మంట మీద పాలు అడుగంటుతాయి, మందపాటి గిన్నెలో సన్నసెగ మీద అంటవు. ఇంటి బీరు కాచేవాళ్లకూ ఇదే గొడవ. వాళ్ల ద్రవంలో తీపి ఉంటుంది, ఒత్తు ఎక్కువైతే మాడి గొట్టానికి అంటుకుని మొత్తం పీపాకు మాడు వాసన వస్తుంది. అందుకే వాళ్లు చదరపు సెంటీమీటరుకు ఎనిమిది వాట్ల లోపున్న, పాములా మెలికలు తిరిగిన పొడుగాటి ఎలిమెంట్లు వెతుక్కుంటారు. రంగు తొట్టిలో రంగు పొడి, ఉప్పు, సబ్బు, జిగురు అన్నీ ఉంటాయి కాబట్టి మాకు ఆరు వాట్లు చాలనుకున్నాం.

కాబట్టి కొట్లో అడగాల్సిన రెండో మాట: "వాట్లు సరే, గొట్టం పొడుగెంత?"

తొడుగు ఏ లోహం?

గీజరులో ఉండేవి మంచినీళ్లు. రంగు తొట్టిలో ఉండేది సగం రసాయన శాల. పై తొడుగు ఎంచుకోవడంలో ఇది గుర్తుండాలి.

రాగి తొడుగు వేడిని అన్నిటికంటే బాగా దాటిస్తుంది. రంగు తొట్టిలో మాత్రం పనికిరాదు. ఆమ్లానికి కొద్దికొద్దిగా కరుగుతుంది, కరిగిన రాగి చాలా రంగుల ఛాయను మార్చేస్తుంది. పసుపు కావాల్సిన చిలప మాసినట్టు తేలితే చీర నేసేవాళ్లు ఒప్పుకోరు. అల్యూమినియం సంగతి ఇంకా ఘోరం. వ్యాట్ రంగుల్లో పడే కాస్టిక్ సోడాలో అది హైడ్రోజన్ బుడగలు వదులుతూ కరిగిపోతుంది. జింకు పూత వేసిన ఇనుముకి ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు.

మిగిలింది స్టెయిన్‌లెస్ స్టీలు. అందులోనూ రకాలున్నాయి. వంటింటి గిన్నెల 304 స్టీలు కాస్టిక్‌ను బాగానే తట్టుకుంటుంది. దాని శత్రువు ఉప్పు. రియాక్టివ్ రంగులకు లీటరుకు పదుల గ్రాముల ఉప్పు పోస్తారు. ఉప్పులోని క్లోరైడు, వేడి, పెచ్చు కింద దాగిన తడి, ఈ మూడూ కలిస్తే స్టీలు మీద సూదిమొన గుంటలు పడతాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు ఆ గుంట పొడి దాకా చేరుతుంది, తడి లోపలికి పోతుంది. రెండు మూడు పాళ్లు మాలిబ్డినం కలిసిన 316 స్టీలు దీన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. నికెలు మూడో వంతు దాకా ఉండే ఇంకోలాయ్ తొడుగు ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. బాబాయి 316 తీసుకున్నాడు. పని అయ్యాక ఉప్పు నీళ్లు తొట్టిలో నిలవ ఉంచకుండా వంచేసి, మంచినీళ్లతో కడుగుతాడు. ఖరీదైన లోహం చేసే మేలులో సగం ఆ కడుగుడే చేస్తుంది.

త్వరగా కాగితే మంచిదేనా?

"ఆరు వేల వాట్లు పెడితే అరగంటలో అయిపోతుందిగా?" అని పక్కింటాయన సలహా. నిజమే, దాదాపు అంతే పడుతుంది. పట్టు మాత్రం చెడుతుంది.

యాసిడ్ రంగు పట్టులోకి వేడి పెరిగిన కొద్దీ దూరుతుంది. వేడి గబగబా పెరిగితే, ముందు వేడెక్కిన చోట చిలప ముదురు రంగు తాగేస్తుంది, మిగతా చోట లేతగా ఉంటుంది. చారలు పడతాయి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెంచడం అద్దకంలో నమ్మకమైన పద్ధతి. ఇప్పుడు మన తొట్టి చూడండి. 50 లీటర్లకు డిగ్రీకి 210 కిలోజూళ్లు. 3,000 వాట్లు నిమిషానికి ఇచ్చేది 180 కిలోజూళ్లు. అంటే నిమిషానికి 0.86 డిగ్రీ. 28 నుంచి 90కి 72 నిమిషాలు. పట్టు అడిగే నడక, 3,000 వాట్ల నడక దాదాపు ఒకటే. ఇది ముందు చూసుకుంటే ఆరు వేల ఆలోచనే రాదు.

90కి చేరాక అక్కడ నిలపాలి. దానికి 3,000 అక్కర్లేదు, పోయే వేడిని పూడ్చితే చాలు. అందుకని మీటరు పొడుగున్న 1,500 వాట్ల ఎలిమెంట్లు రెండు తీసుకున్నాం. ఒక్కోదాని నిరోధం 35 ఓములు. రెండిటినీ పక్కపక్కన కలిపితే 3,000 వాట్లు. ఒకటే వేస్తే 1,500. రెండిటినీ వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపితే నిరోధం 70 ఓములై, మొత్తం మీద 750 వాట్లే వస్తాయి. మూత వేసిన తొట్టిని 90 దగ్గర కదలకుండా నిలపడానికి ఆ 750, ఎప్పుడైనా 1,500. రెండు ఎలిమెంట్లు, రెండు మూడు స్విచ్చులు, మూడు సెగలు. కట్టెల పొయ్యిలో కట్టె వెనక్కి లాగినట్టే. తర్వాత థర్మోస్టాట్ కూడా పెట్టాం. అయినా ఈ మూడు సెగలంటేనే బాబాయికి గురి.

కొట్లో మల్టీమీటరు తీసుకెళితే ఎలిమెంటు నిజాయితీ కొనకముందే తేలుతుంది. 230 వోల్టుల 1,500 వాట్ల ఎలిమెంటు 35 ఓములు, 3,000 అయితే 17 నుంచి 18 ఓములు చూపాలి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చే వస్తువులతో మరింత జాగ్రత్త. అక్కడ 120 వోల్టులకు చేసిన 1,500 వాట్ల ఎలిమెంటును మన 230కి తగిలిస్తే అది 5,500 వాట్లు లాగడానికి చూస్తుంది, నిమిషాల్లో బూడిదవుతుంది. 240 వోల్టులదైతే మనకు పనికొస్తుంది, కాస్త తక్కువ వేడితో.

మన వైపు సాయంత్రం వోల్టేజి పడిపోవడం కొత్త కాదు. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 కాస్తా 190కి పడితే వోల్టేజి ఆరో వంతే తగ్గినట్టు, వేడి మాత్రం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. 3,000 వాట్లు 2,050 అవుతాయి. 72 నిమిషాల పని గంటా ముప్పావు పడుతుంది. ఎలిమెంటు పాడైందనుకుని మార్చేముందు మీటరుతో వోల్టేజి చూడండి.

గోడలోని తీగ సంగతి

జూల్ సూత్రానికి ఎలిమెంటు తీగా, గోడలో తీగా అని తేడా తెలియదు. ఎక్కడ నిరోధం ఉంటే అక్కడ వేడి పుట్టిస్తుంది. 3,000 వాట్లంటే 13 ఆంపియర్లు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకి అది రెండింతలకు పైన. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే కావాలి. అది కూడా గంటల తరబడి 13 మోయాలి కాబట్టి బిగుతుగా ఉండాలి. సాకెట్టు లోపల స్క్రూ వదులై, అక్కడ ఓములో పదో వంతు నిరోధం చేరిందనుకోండి. 13 ఇంటూ 13, అంటే 169. దానిలో పదో వంతు 17 వాట్లు. గోలీ అంత చోటులో 17 వాట్లు! ప్లగ్గు నల్లబడడం, ప్లాస్టిక్ కాలిన వాసన రావడం అందుకే. అరగంట నడిచాక ప్లగ్గు తీసి చేత్తో పట్టుకు చూడండి. కొంచెం గోరువెచ్చగా ఉంటే సరే, కాలుతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మీటరు నుంచి 20 మీటర్ల దూరాన పెరట్లో డ్రమ్ము. పోనూ రానూ 40 మీటర్ల తీగ. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేస్తే, 120 వాట్లు గోడలోనే ఖర్చు. 2.5 వేస్తే 50 వాట్లు. మేం మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించి, దానికి వేరే ఎంసీబీ పెట్టించాం. ఇంట్లో ఫ్రిజ్జూ ఫ్యానులూ ఉన్న లైను మీద తొట్టి వేయకూడదు. మంజూరైన లోడు చాలకపోతే ముందు దాన్ని పెంచుకోవాలి.

తడి చేతులు, ఉప్పు నీళ్లు

అద్దకం పనివాళ్ల చేతులు ఎప్పుడూ తడి. కింద నేల తడి. తొట్టిలో ఉప్పు నీళ్లు మంచినీళ్లకంటే కరెంటును బాగా మోస్తాయి. ఇంట్లో బకెట్టులో రాడ్డు పెట్టి, నీళ్లు కాగాయా లేదా అని వేలు ముంచి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. రంగు తొట్టికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి మూడు విషయాల్లో రాజీ పడకూడదు. ఒకటి, డ్రమ్ముకీ ఎలిమెంటు తొడుగుకీ గట్టి ఎర్త్. సముద్రం దగ్గరి ఉప్పు నేలలో ఎర్త్ బాగానే దొరుకుతుంది, కానీ అదే ఉప్పు ఎర్త్ పైపును తినేస్తుంది. అప్పుడప్పుడూ పరీక్షించాలి. రెండు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్లో తిరిగి వచ్చిందా అని అది నిరంతరం లెక్క చూస్తుంది. 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే, అంటే ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందంటే, సెకనులో మూడో వంతు లోపల లైను తెంచేస్తుంది. ఎంసీబీ ఉందిగా అనుకోవద్దు. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. మూడు, అన్నిటికంటే పాత సూత్రం: చిలపలు తిప్పడానికి చేయి పెట్టేముందు ప్లగ్గు తీసేయడం. బాబాయి ఒక గుడ్డ ముక్క ప్లగ్గుకి కట్టాడు. తీసిన ప్లగ్గు భుజం మీద వేసుకున్నాకే చిలపలు తిప్పే కర్రలు పట్టుకుంటాడు.

ఎలిమెంటు ఎప్పుడూ నీళ్లలో పూర్తిగా మునిగి ఉండాలి. నీరు మోసినంతగా గాలి వేడిని మోయలేదు. ఆరు వాట్ల ఒత్తు ఉన్న గొట్టమే గాలికి తేలితే ఎర్రగా కాలి 700 డిగ్రీలు దాటిపోతుంది. చిలపలు గొట్టానికి తగలకుండా దాని పైన చిల్లుల స్టీలు పళ్లెం అమర్చాం. తగిలిన చోట దారం మాడుతుంది, రంగు మచ్చ పడుతుంది.

ఆవిరి జోలికి పోవద్దు

ఇదంతా చూసి ఊళ్లోనే జీడిపప్పు పని చేసే ఒకాయన అడిగాడు: "ఇదే డ్రమ్ముకి మూత బిగించేస్తే మా గింజలకు ఆవిరి పట్టొచ్చుగా?" వేటపాలెం జీడిపప్పుకి పేరున్న ఊరు. పచ్చి గింజను ఆవిరిలో ఉడకబెడితే పెంకు కోతకు అనువవుతుంది, పెంకులోని ఘాటు నూనె పప్పుకు అంటకుండా ఉంటుంది. ఆయన ప్రశ్న సహజమే. జవాబు మాత్రం వద్దనే.

మూత తెరిచిన నీళ్ల తొట్టి ఎంత కాగినా 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మిగిలిన వేడి ఆవిరై పోతుంది. మూత బిగిస్తే ఆగదు. పీడనం, వేడి రెండూ కలిసి పెరుగుతాయి. డ్రమ్ము పగిలితే అందులోని వేడినీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై ఎన్నో వందల రెట్లు ఉబ్బుతుంది. 1923 నాటి బాయిలర్ల చట్టమైనా, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టమైనా, 25 లీటర్లు దాటి, పీడనంతో బయటికి ఆవిరి పంపే పాత్రను తనిఖీ లేకుండా వాడనివ్వవు. వెల్డింగు దుకాణంలో చేయించుకునే వస్తువు కాదది.

మొదటి రోజు బుస

కొత్త ఎలిమెంట్లు బిగించిన రోజు బాబాయి స్టూలు వేసుకుని డ్రమ్ము పక్కనే కూర్చున్నాడు. ప్లగ్గు పెట్టాం. పది నిమిషాలు గడిచాయి. డ్రమ్ము నిశ్శబ్దం.

"ఇది పాడటం లేదేంటిరా? పనిచేస్తోందా అసలు?"

థర్మామీటరు చూపించాను. 36 డిగ్రీలు. పని చేస్తోంది.

"మరి ఆ ముందుది పెట్టిన ఐదు నిమిషాలకే బుస కొట్టేది. మొదటి రోజు నీకు చెప్పాను కూడా. బాగా కాగుతోందిలే అన్నావు."

అవును, అన్నాను. అప్పుడు నాకు అర్థం కాలేదు. నీళ్లు కాగేటప్పుడు వినిపించే ఆ బుస ఆవిరి బుడగలది. ఎలిమెంటు మీద పుట్టిన బుడగ పైనున్న చల్లటి నీటిలోకి రాగానే చితికిపోతుంది. అలాంటి లక్షల బుడగలు చితికే చప్పుడే అది. నీళ్లు ఇంకా 30 డిగ్రీల్లో ఉండగానే బుస వచ్చిందంటే, గొట్టం ముఖం మీద అప్పటికే 100 దాటిపోయిందన్నమాట. 20 వాట్ల ఒత్తుకి నీళ్ల ప్రవాహం చాలక, గొట్టం మొదటి రోజు నుంచే అరుస్తోంది. కొత్తవాటికి ఆ ఇబ్బంది లేదు. నీళ్లు 65 డిగ్రీలు దాటాక గానీ డ్రమ్ములోంచి సన్నగా బుస మొదలు కాలేదు.

బాబాయి చెవి ఒగ్గి విన్నాడు. తలూపి, ప్లగ్గు తీసి భుజాన వేసుకుని, మొదటి చిలప కర్రకి ఎక్కించాడు.